ఆగిపోయిన చోటే నిలబడిన డాక్టరమ్మ – రూత్ ఫౌ



జనవరి నెల చివరి ఆదివారం ప్రపంచ కుష్ఠు వ్యాధి దినం. మన దేశంలో గాంధీజీ వర్ధంతి అయిన జనవరి 30న ఈ దినాన్ని పాటిస్తాం. ఇలాంటి సందర్భంలో సాధారణంగా వ్యాధి లక్షణాలు, మందుల వివరాలు రాస్తుంటాం. ఈసారి వాటితో పాటు ఒక డాక్టరమ్మ జీవితాన్ని కూడా మీ ముందు ఉంచాలనుకున్నాం.

దానికి కారణం ఉంది. ఒంటిమీద మచ్చతో ఓ.పి.కి వచ్చినవారిని "ఇది ఎన్నాళ్లనుంచి ఉంది?" అని అడుగుతాం. "రెండు మూడేళ్లయిందండి" అంటారు కొందరు. "మరి ఇన్నాళ్లూ ఎందుకు చూపించుకోలేదు?" అంటే తల దించుకుంటారు. మందు దొరకక కాదు, మందు ఉచితం. డబ్బులేక కాదు. ఊళ్లో తెలిస్తే ఏమంటారో, పిల్ల పెళ్లి ఆగిపోతుందేమో అన్న భయం. ఆ రెండు మూడేళ్లలో నరం దెబ్బతింటుంది, వేళ్లు కొంకర్లు పోతాయి. జబ్బు నయమైనా వంకరపోయిన వేళ్లు మాత్రం మందుతో పూర్వపు స్థితికి రావు.

ఈ భయంతోనూ సిగ్గుతోనూ 57 ఏళ్లు పోరాడిన జర్మన్ వైద్యురాలు డాక్టర్ రూత్ ఫౌ. ఆమె పోరాటం జరిగింది మన పొరుగు దేశం పాకిస్తాన్‌లో. అయితే కుష్ఠు వైద్యం నేర్చుకోవడానికి ఆమె వచ్చింది మాత్రం మనవాళ్లు తరతరాలుగా వైద్యానికి వెళ్తున్న వెల్లూరుకే.

బాంబుల మధ్య బాల్యం

రూత్ ఫౌ 1929 సెప్టెంబర్ 9న జర్మనీలోని లైప్జిగ్ నగరంలో ఒక లూథరన్ కుటుంబంలో జన్మించారు. ఇంట్లో ఆరుగురు పిల్లలు. ఆమెకు పదేళ్లు నిండే వేళకు రెండవ ప్రపంచ యుద్ధం మొదలైంది. బాంబుదాడుల్లో వారి ఇల్లు కూలిపోయింది. యుద్ధం ముగిశాక లైప్జిగ్ రష్యా సైన్యాల చేతిలోకి వెళ్లింది. ఆ కష్టకాలంలోనే ఆమె చిన్న తమ్ముడు జబ్బుచేసి చనిపోయాడు. కళ్లముందు తమ్ముడు పోతుంటే ఏమీ చేయలేకపోయిన ఆ పిల్ల డాక్టర్ కావాలని అనుకుంది.

1948లో ఆమె సరిహద్దు దాటి పశ్చిమ జర్మనీకి చేరుకున్నారు. మైన్జ్, మార్బుర్గ్ నగరాల్లో వైద్యవిద్య చదివారు. ఆ రోజుల్లో నాజీల నిర్బంధ శిబిరం నుండి ప్రాణాలతో బయటపడిన ఒక డచ్ క్రైస్తవ స్త్రీ ఆమెకు పరిచయమయ్యారు. అంత నరకం చూసి కూడా ఆవిడ పగ గురించి మాట్లాడలేదు, క్షమాపణ గురించి మాట్లాడారు. ఆ పరిచయం రూత్ ఫౌ మనసుపై చెరగని ముద్ర వేసింది. 1953లో ఆమె కథోలిక సంఘంలో చేరారు. 1957లో "డాటర్స్ ఆఫ్ ది హార్ట్ ఆఫ్ మేరీ" అనే మఠకన్యల సభలో ప్రవేశించారు. 1790లో ఫ్రాన్సు విప్లవకాలంలో పుట్టిన ఈ సభలోని సిస్టర్లు ప్రత్యేకమైన ఉడుపు ధరించరు. మామూలు బట్టల్లో మామూలు జనం మధ్యే ఉంటూ సేవ చేస్తారు.

వీసా దొరకని ప్రయాణం

1960లో సభ పెద్దలు ఆమెను దక్షిణ భారతదేశానికి పంపారు. దారిలో కరాచీలో దిగారు. అక్కడినుంచి ముందుకు రావడానికి వీసా చిక్కులు వచ్చాయి. కొన్నాళ్లు కరాచీలోనే ఆగవలసి వచ్చింది. అప్పటికి ఆమె వయస్సు 30 ఏళ్లు.

ఖాళీగా ఉన్న ఆ రోజుల్లో ఒకనాడు ఆమె కరాచీ రైల్వేస్టేషన్ వెనుక, మెక్లియోడ్ రోడ్డు దగ్గర ఉన్న కుష్ఠు రోగుల బస్తీకి వెళ్లారు. చెక్కపెట్టెల ముక్కలతో, పాత రేకులతో కట్టుకున్న గుడిసెలు. మధ్యలో మురుగునీరు. రాత్రిపూట ఎలుకలు వచ్చి రోగుల కాళ్లు చేతులు కొరికినా వారికి తెలిసేది కాదు. తెల్లవారి లేచి చూసుకుంటేనే గాయం సంగతి తెలిసేది. సిస్టర్లు 1956 నుంచి అక్కడే ఒక చిన్న మందులశాల నడుపుతున్నారు. నీళ్లు లేవు, కరెంటు లేదు.

ఆమె అక్కడ ఉండగానే ఒక యువకుడు లోపలికి వచ్చాడు. సుమారు ఆమె వయసువాడే. నడిచి రాలేదు. చేతులూ కాళ్లూ నేలకు ఆనించి, బురదలో పాకుతూ వచ్చాడు. ఆ తర్వాతి కాలంలో ఈ సంగతి చెప్పేటప్పుడు ఆమె ఒక మాట గుర్తుచేసుకునేవారు. ఆ యువకుడు అలా పాకడం చూసి కాదు, అదేదో మామూలు విషయమైనట్టు పాకుతూ రావడం చూసి తాను చలించిపోయానని. మనిషి అలా బ్రతకడం చుట్టూ ఉన్నవారికే గాక అతనికి కూడా అలవాటైపోయింది. ఆ రోజే ఆమె నిర్ణయించుకున్నారు, ఇక ఎక్కడికీ వెళ్లనని.

బైబిలులోని రూతు తన మోయాబు దేశం విడిచి బేత్లెహేముకు వచ్చి అక్కడి మనిషే అయిపోయింది. ఈ రూత్ కూడా పరాయి దేశానికి వచ్చి అక్కడి మనిషే అయిపోయారు. 1988లో పాకిస్తాన్ ప్రభుత్వం ఆమెకు పౌరసత్వం ఇచ్చింది.

వెల్లూరులో నేర్చుకున్న పాఠం

జాలి ఉన్నంత మాత్రాన వైద్యం చేతకాదు. ఆ సంగతి డాక్టర్ ఫౌ త్వరగానే గ్రహించారు. ఆమెకు కుష్ఠు వైద్యంలో శిక్షణ లేదు. అందుకని 1961లో వెల్లూరుకు వచ్చి ఈ వ్యాధి చికిత్సలో శిక్షణ పొందారు.

అప్పటికే వెల్లూరు ఈ విషయంలో ప్రపంచానికి దారి చూపిస్తున్న ఊరు. తమిళనాడులోని కొల్లి కొండల్లో మిషనరీ దంపతులకు పుట్టిన డాక్టర్ పాల్ బ్రాండ్ 1946లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చి, కుష్ఠు రోగుల చేతులకు కాళ్లకు శస్త్రచికిత్సలు చేసి చూపించారు. అంతకంటే పెద్ద విషయం ఒకటి ఆయన తేల్చి చెప్పారు. కుష్ఠు వస్తే వేళ్లు వాటంతటవే కుళ్లి రాలిపోతాయని అందరూ అనుకునేవారు. అది నిజం కాదు. ఈ వ్యాధి క్రిమి నరాలను దెబ్బతీస్తుంది. నరం చచ్చిపోయిన చోట నొప్పి తెలియదు. నొప్పి తెలియనివాడు మండే గిన్నెను వట్టి చేత్తో పట్టుకుంటాడు, కాలిలో మేకు గుచ్చుకున్నా నడుస్తూనే ఉంటాడు. ఆ గాయాలు పుండ్లై, చీము పట్టి, ఎముకదాకా పోతాయి. వేళ్లు పోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు కరాచీ ఎలుకల సంగతి గుర్తుచేసుకోండి. నిద్రలో ఎలుక కొరికినా వారు ఎందుకు లేవలేదో అర్థమవుతుంది. గాయం తగలకుండా చూసుకుంటే చెయ్యి, కాలు నిలుస్తాయి. నరం చావకముందే మందు వేసుకుంటే అసలు అంతదాకా రాదు. ఈ జ్ఞానంతో ఆమె కరాచీకి తిరిగి వెళ్లారు.

గుడిసె నుండి దేశమంతటికీ

1963లో మురికివాడలోని మందులశాల ఒక సొంత భవనంలోకి మారింది. సభ స్థాపనలో ముఖ్యురాలైన మేరీ అడిలేడ్ పేరుమీద దానిని "మేరీ అడిలేడ్ లెప్రసీ సెంటర్" అని పిలిచారు. చర్మవ్యాధుల నిపుణురాలు డాక్టర్ జరీనా ఫజల్‌భాయ్ ఆమెకు తోడుగా నిలిచారు. జర్మనీలోని వుర్జ్‌బుర్గ్‌లో 1957లో ప్రారంభమైన జర్మన్ కుష్ఠు, క్షయ సహాయ సంస్థ అండగా నిలిచింది. ఈ సంస్థ మన దేశంలో కూడా కుష్ఠు రోగుల సేవకు ఎన్నో ఏళ్లు తోడ్పడింది.

కరాచీ ఆసుపత్రికి రోగులు దూరదూరాలనుండి వచ్చేవారు. అఫ్ఘనిస్తాన్ నుండి కూడా వచ్చేవారు. కానీ ఆమె ఆలోచన వేరుగా సాగింది. కాళ్లు చచ్చుబడినవాడు వందల మైళ్లు ప్రయాణం చేసి వచ్చేసరికే ఆలస్యమైపోతుంది కదా! మందే వాడి ఊరికి వెళ్లాలి. అందుకే ఆయా ప్రాంతాల యువకులకు కుష్ఠును గుర్తించడం, మందు ఇవ్వడం, పుండ్లు కట్టడం నేర్పి లెప్రసీ టెక్నీషియన్లుగా తయారుచేశారు. వారు తమ ఊళ్లకు తిరిగివెళ్లి ఇంటింటికీ తిరిగేవారు. ఆమె కూడా బలూచిస్తాన్ ఎడారుల్లో, ఉత్తరాది కొండల్లో, కాశ్మీరు లోయల్లో జీపుమీద, దారి లేనిచోట కాలినడకన తిరిగారు. రోగం వచ్చిన పిల్లలను తల్లిదండ్రులే భయంతో కొండగుహల్లో, పశువుల కొట్టాల్లో ఏళ్లతరబడి దాచి ఉంచిన ఇళ్లు ఆమెకు కనిపించాయి. ఆ పిల్లలను బయటికి తీసుకొచ్చి వైద్యం చేయించారు.

అక్కడ ఉన్నవారిలో అత్యధికులు ముస్లిములు. ఆమె క్రైస్తవ సన్యాసిని. అయినా ఆమె ఎవరి మతమూ అడగలేదు. ఆమె దగ్గర పనిచేసినవారిలో అన్ని మతాలవారూ ఉన్నారు.

ఇది ఒక ఆసుపత్రి చేయగల పని కాదు, ప్రభుత్వం చేతులు కలపాలని ఆమె పట్టుబట్టారు. 1968లో ప్రభుత్వ సహకారంతో జాతీయ కుష్ఠు నియంత్రణ కార్యక్రమం మొదలైంది. 1979లో ఆమెను ప్రభుత్వ ఆరోగ్య శాఖకు కుష్ఠు వ్యాధి సలహాదారుగా నియమించారు. దేశమంతటా 157 కేంద్రాలు ఏర్పడ్డాయి. 50 వేలకు పైగా రోగులు వాటిలో వైద్యం పొందారు.

మందుల విషయంలోనూ ఈ కాలంలోనే పెద్ద మార్పు వచ్చింది. మొదట్లో డాప్సోన్ అనే ఒక్క మాత్రే ఉండేది. దాన్ని ఏళ్లతరబడి, కొందరు జీవితాంతం వాడవలసి వచ్చేది. పోనుపోను క్రిమి ఆ మందుకు లొంగకుండా పోయింది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ డాప్సోన్, రిఫాంపిసిన్, క్లోఫాజిమిన్ మందులను కలిపి ఇచ్చే ఎం.డి.టి., అంటే బహుళ ఔషధ చికిత్సను సూచించింది. ఊరూరా మనుషులు సిద్ధంగా ఉన్నచోట ఈ మందు రోగికి త్వరగా చేరింది. డాక్టర్ ఫౌ ముందుచూపుతో వేసిన పునాది అప్పుడు పనికొచ్చింది. 1996లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పాకిస్తాన్‌లో కుష్ఠు అదుపులోకి వచ్చిందని ప్రకటించింది. ఆసియాలో ఈ మాట అనిపించుకున్న మొదటి దేశాల్లో అది ఒకటి.

ఆ తర్వాత కూడా ఆమె విశ్రాంతి తీసుకోలేదు. అవే కేంద్రాల్లో క్షయ, అంధత్వ నివారణ పనులు చేపట్టారు. 2005 భూకంపంలోనూ, 2010 వరదల్లోనూ బాధితులకు సహాయం చేశారు. 2002లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. పాకిస్తాన్ ప్రభుత్వం ఎన్నో ఉన్నత పురస్కారాలు ఇచ్చింది. అయినా ఆమె నివాసం ఆసుపత్రిలో ఒక చిన్న గదే.

2017 ఆగస్టు 10న కరాచీలో, 87 ఏళ్ల వయసులో ఆమె కన్నుమూశారు. ఆగస్టు 19న సెయింట్ పాట్రిక్స్ కెథడ్రల్‌లో ఆరాధన జరిగింది. జాతీయ పతాకం కప్పి, ప్రభుత్వ లాంఛనాలతో సమాధి చేశారు. కరాచీలోని సివిల్ హాస్పిటల్‌కు ఆమె పేరు పెట్టారు. ఒకప్పుడు ఊరవతలికి నెట్టేసిన రోగుల డాక్టరుకు ఊరి నడిమధ్యనున్న పెద్దాసుపత్రి పేరుగా నిలిచింది.

మన సంగతి ఏమిటి?

మన దేశంలో 2005 చివరికి కుష్ఠు ప్రతి పదివేలమందిలో ఒకరికంటే తక్కువ స్థాయికి వచ్చింది. దానిని "నిర్మూలన" అన్నారు. ఆ మాట విని జబ్బు పూర్తిగా పోయిందని చాలామంది అనుకున్నారు. పోలేదు. 2023లో ప్రపంచమంతటా సుమారు 1,82,000 కొత్త కేసులు బయటపడితే, వాటిలో లక్షకు పైగా మన దేశంలోనివే. వారిలో చిన్నపిల్లలు కూడా ఉన్నారు.

సంఘంలో మనం మార్చుకోవలసిన తలపులు కొన్ని ఉన్నాయి. ఇది శాపం కాదు, పాపఫలం కాదు, వంశపారంపర్యం కాదు. 1873లో నార్వే డాక్టర్ హాన్సెన్ కనుగొన్న ఒక క్రిమివల్ల వచ్చే జబ్బు. పాత నిబంధనలో "కుష్ఠు" అని మనం చదివే మాట పలురకాల చర్మవ్యాధులకు, బట్టలకు గోడలకు పట్టిన మచ్చలకు కూడా వాడిన మాట. కనుక ఆ అధ్యాయాలు చూపించి ఈనాటి రోగిని దూరం పెట్టడం సరికాదు. సువార్తల్లో ప్రభువు కుష్ఠరోగిని చెయ్యి చాపి ముట్టుకున్నారన్న సంగతి మనకు బాగా తెలుసు.

నూటికి తొంభై మందికి పైగా మనుషుల్లో ఈ క్రిమిని తట్టుకునే శక్తి సహజంగానే ఉంటుంది. వైద్యం తీసుకోని రోగితో చాలాకాలం దగ్గరగా ఉన్నప్పుడు, తుమ్ము దగ్గు తుంపరల ద్వారా కొద్దిమందికి సోకవచ్చు. మందు మొదలుపెట్టిన కొద్దిరోజుల్లోనే రోగినుండి ఇతరులకు అంటడం ఆగిపోతుంది. కంచం, మంచం, గది వేరుచేయనక్కరలేదు. చట్టం కూడా మారింది. 1898 నాటి కుష్ఠు రోగుల చట్టం 2016లో రద్దయింది. కుష్ఠును కారణంగా చూపి విడాకులు అడిగే వీలును 2019లో తొలగించారు.

వీటిని గమనించండి

– ఒంటిమీద చుట్టూ ఉన్న చర్మం కన్నా పాలిపోయిన లేక ఎర్రబారిన మచ్చ. దురద ఉండదు, నొప్పి ఉండదు, ముట్టుకుంటే తెలియదు. దురద లేదు కదా అని వదిలేయకండి. దురద లేకపోవడమే అనుమానించవలసిన విషయం.

– చేతులు, పాదాలు మొద్దుబారడం, తిమ్మిర్లు. చెప్పు కాలినుండి జారిపోయినా తెలియకపోవడం.

– వంటచేసేటప్పుడు చెయ్యి కాలినా నొప్పి తెలియకపోవడం, బొబ్బలు రావడం.

– గుండీ పెట్టుకోలేకపోవడం, వేళ్లు వంగిపోవడం, రెప్ప పూర్తిగా మూతపడకపోవడం.

– కనుబొమ్మలు రాలడం, చెవి తమ్మెలు మందంగా, నున్నగా మెరవడం.

వీటిలో ఏది కనిపించినా మా ఆసుపత్రికి గాని, మీ దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి గాని రండి. మీ ఊరి ఆశా కార్యకర్తకు చెప్పినా చాలు. పరీక్ష నొప్పి లేనిది. మందు ఉచితం. జబ్బు తీవ్రతనుబట్టి 6 నెలలు లేక 12 నెలలు వాడితే పూర్తిగా నయమవుతుంది. ఇంట్లో ఒకరికి జబ్బు ఉందని తేలితే మిగిలినవారందరూ పరీక్ష చేయించుకోవాలి. డాక్టరు సలహాపై వారికి ఒక్క మోతాదు రిఫాంపిసిన్ ముందుజాగ్రత్తగా ఇస్తారు.

మందు వాడేవారికి రెండు మాటలు. రిఫాంపిసిన్ వేసుకున్న రోజు మూత్రం ఎర్రగా రావచ్చు. క్లోఫాజిమిన్‌తో చర్మం కొంత నల్లబడవచ్చు, మందు ఆపాక కొన్ని నెలల్లో తగ్గుతుంది. వీటికి భయపడి మాత్రలు మానకండి. అయితే మచ్చలు ఉన్నట్టుండి ఉబ్బి ఎర్రబడినా, నరం లాగి నొప్పిచేసినా, కన్ను ఎర్రబడినా ఆ రోజే రండి. అది రియాక్షన్. వెంటనే మందు ఇస్తే నరాన్ని కాపాడవచ్చు. స్పర్శ పోయిన పాదాలున్నవారు రోజూ పాదాలను నీళ్లలో నానబెట్టి, నూనె రాసి, పుండ్లున్నాయేమో చూసుకోవాలి. మెత్తటి ఎం.సి.ఆర్. చెప్పులు వాడాలి. పొయ్యిమీది గిన్నెలు గుడ్డతో పట్టుకోవాలి.

చివరిగా

డాక్టర్ రూత్ ఫౌ జీవితం చదివి ఎంత గొప్ప త్యాగమో అనుకుని పేజీ తిప్పేయడం తేలిక. కానీ ఆమె మననుండి పొగడ్త కోరుకునే మనిషి కాదు. ఎవరూ ముట్టని చోట ఆమె ముట్టుకున్నారు. ఎవరూ వెళ్లని చోటికి మందు పంపారు. దాచిపెట్టిన పిల్లలను వెలుగులోకి తెచ్చారు.

మన ఇళ్లలో గుహలు లేవు. కానీ చొక్కా చేతికింద, చీర చెంగుకింద దాచిపెట్టిన మచ్చలు ఉన్నాయి. ఈ వారం ఒక పని చేయండి. ఇంట్లో పిల్లలకు స్నానం చేయించేటప్పుడు, పెద్దలకు వీపు రుద్దేటప్పుడు ఒక్కసారి వెలుతురులో ఒళ్లంతా చూడండి. మచ్చ కనబడితే కళ్లు మూసుకోమని చెప్పి, దూదిని సన్నగా పురిపెట్టి ఆ చివరతో మెల్లగా తాకి, తెలుస్తోందా అని అడగండి. తెలియడం లేదంటే కంగారుపడకండి, దాచకండి. తీసుకుని రండి. తల దించుకుని కాదు, తలెత్తుకుని రండి. ఇక్కడ ఎవరూ మిమ్మల్ని దూరంగా నిలబెట్టరు.